ఐలమ్మ చేతిల కట్టె చూసినం, చేతుల కష్టం చూసినమా?

సెప్టెంబర్ వచ్చిందంటే మా ఊరి నడిబొడ్డున ఫ్లెక్సీలు లేస్తయి. 10న చాకలి ఐలమ్మ వర్ధంతి, 26న జయంతి, తెల్లారి 27న కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి. పోయినేడు ఐలమ్మ ఫ్లెక్సీ కట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న. ముసలి మొఖం, నెరిసిన ఎంటికెలు, చేతిల కట్టె, కింద మా దోస్తులందరి ఫోటోలు. కలుపు కాడికెళ్లి వస్తున్న మా అవ్వ ఆడ ఆగింది. బొమ్మ దిక్కు చూసింది. ఎవలీమె అని అడగలే, మా దిక్కు ఆడోళ్లకు ఐలమ్మ ఎవలో ఎరికే. ఆమె అడిగింది ఇంకోటి. అంతమంది పిల్లల తల్లి గదా, దొర మీదికి కొట్లాటకు పోతే ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిచ్చిండ్రు, పిల్లలకు బువ్వ ఎవలు పెట్టిండ్రు అని అడిగింది.

నాకు జవాబు రాలే. స్టేటస్ పెట్టేటందుకు నాకు తెలిసినయి నాలుగే మాటలు. వీరనారి, భూపోరాటం, దొరలు, విముక్తి. మా అవ్వ అడిగింది ఈ నాలుగింట్ల లేదు. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసిన, పెద్దమనుషులను అడిగిన, పాలకుర్తి పోయొచ్చిన. నాకు సమజైంది ఏందంటే, ఐలమ్మ పొయ్యి ఇడిసిపెట్టి కొట్లాటకు పోలే. ఆ పొయ్యి మీదికి గింజ తెచ్చుకునుడే ఆమె కొట్లాట. ఇయ్యాల ఆమెను వీరనారి అని మస్తుగ మొక్కుతున్నం. కష్టం జేసి పిల్లలను సాదిన తల్లిగ మాత్రం సరిగ యాది జేసుకుంటలేం. అందుకే గీ ముచ్చట చెప్తున్న.

బట్టల మూటతోటి మొదలు

ఐలమ్మ 1895 సెప్టెంబర్ 26న పుట్టింది. ఊరు కృష్ణాపురం, ఇప్పటి రాయపర్తి మండలం. తల్లి మల్లమ్మ, తండ్రి సాయిలు, ఇంటిపేరు ఓరుగంటి. అప్పుడు హైదరాబాద్ రాజ్యాన్ని ఏలేటోడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. చిన్నతనంలనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతోటి లగ్గమైంది. పాలకుర్తి అంటే పాల్కురికి సోమనాథుడి ఊరు. పోతన పుట్టిన బమ్మెర గూడ ఆ దగ్గర్లనే. అసొంటి గడ్డ మీద ఐలమ్మ చేతికి వచ్చింది మాత్రం పలక గాదు, బట్టల మూట.

చాకలి పని ఎట్లుంటదో ఇప్పటి పోరగాండ్లకు అంతగ తెల్వది. మిషన్ల బట్టలేసి, బటన్ నొక్కి, ఫోన్ చూసుకుంట కూసుంటం. అప్పుడు పొద్దు పొడవక ముందే లేచి ఇల్లిల్లు తిరిగి మైల బట్టలు తేవాలె. మూట గట్టి గాడిద మీదనో నెత్తి మీదనో చెరువు కాడికి మోయాలె. చౌడు మట్టిల నానబెట్టాలె, బానల ఉడకబెట్టాలె, బండ మీద కొట్టాలె, ఆరేయాలె, మడత బెట్టి మల్ల ఎవలింటియి వాళ్లింటికి చేర్చాలె. ఏ బట్ట ఏ ఇంటిదో కాయిదం మీద రాసుకునేది లేదు, అంతా యాదిలనే. పురుటింటి బట్టలు, చావింటి బట్టలు, రోగమొచ్చినోళ్ల బట్టలు, ఎవలూ ముట్టుకోనియి ఆ చేతులే ముట్టాలె.

గింత పనికి నెల జీతమంటూ లేదు. పొద్దూకినంక ఇల్లిల్లు తిరిగి తెచ్చుకునే బువ్వ, పంట కల్లానికి వచ్చినప్పుడు పెట్టే నాలుగు గింజలు. ఆ గింజలనే మేర అంటరు. మనసు మంచిగుంటే నిండుగ పోస్తరు, లేకుంటే అరకొర పోస్తరు. ఒక తల్లి లెక్కన దీన్ని ఆలోచించుండ్రి. పొద్దంత నడుమిరుగ పనిజేసినా, రాత్రి పిల్లల కంచంల ఎంత పడతదో తన చేతిల లేదు. ఎవలింట్ల ఏం మిగిలిందో, ఎవలు కోపంల ఉన్నరో, దాని మీద ఉంటది. ఐలమ్మ తర్వాత చేసిన పనులన్నిటికీ మొదలు ఈడ్నే ఉందని నేననుకుంట.

గడీ చాకిరి

ఊరి పని ఒక ఎత్తు, గడీ పని ఇంకో ఎత్తు. అప్పుడు పాలకుర్తి నిజాం రాజ్యంల నల్గొండ జిల్లా జనగామ తాలూకల ఉండె. ఆ దిక్కంత విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం. 60 ఊర్లు, 40 వేల ఎకరాలు ఆయన చేతికింద ఉండెనని తెలంగాణ పోరాట చరిత్ర రాసిన పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పిండు. కుమ్మరి కుండలియ్యాలె, గొల్లోళ్లు గొర్రెలియ్యాలె, గౌండ్లోళ్లు కల్లు పోయాలె, మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాలె. పైసా ఇచ్చేది లేదు. దీన్నే వెట్టి అన్నరు. చాకలోళ్లు గడీ బట్టలు ఉతకాలె, బోళ్లు తోమాలె, ఊరికి సర్కారు మనుషులు వస్తే వాళ్ల మంచాలు, పరుపులు మోయాలె. పిలిచినప్పుడు పోవాలె, పొమ్మన్నప్పుడు రావాలె.

రామచంద్రారెడ్డి తల్లి జానమ్మ దొరసాని పేరు చెప్తే ఆ దిక్కు పల్లెలు వణికినయి. చంటిపిల్లల తల్లులు పాలిచ్చొస్తమన్నా పని ఇడిసి పోనియ్యలేదని ఆనాటి ముచ్చట్లు రాసినోళ్లు రాసిండ్రు. దొరసాని గూడ ఒక తల్లే. ఆమె కొడుకు కోసం 60 ఊర్ల గింజ గడీకి చేరుతుంటే, ఆ గింజ పండించిన తల్లుల పిల్లలు పస్తులు పండుకున్నరు. తల్లి ప్రేమ గొప్పదని మనం ఊరికే అంటుంటం గని, ఏ తల్లి పిల్లలకు బువ్వ పుట్టాలె, ఏ తల్లి పిల్లలకు పుట్టొద్దు అనేది ప్రేమ తేల్చది. భూమి ఎవల చేతిల ఉందో అదే తేలుస్తది.

నాలుగెకరాల కౌలు

ఐలమ్మకు కొడుకులు పుట్టిండ్రు, బిడ్డ పుట్టింది. సంసారం పెద్దగైంది. మేర గింజలతోటి ఎల్లదని అర్థమైంది. మల్లంపల్లి మక్తేదారు కాడ భూమి కౌలుకు పట్టింది. అండ్ల నాలుగెకరాలు సాగుల పెట్టింది. ఇప్పటికి గూడ జనం నోట్ల ఆ నాలుగెకరాల ముచ్చటే ఉంది.

ఇయ్యాల మనకు కౌలు పట్టుడంటే మామూలు ముచ్చట. అప్పుడు గాదు. చాకలామె చేసేది బట్టల పని, ఎవుసం ఎట్ల జేస్తదనే లోకం అది. పేరుకు కౌలే అయినా, తన చేతులతోటి దున్నిచ్చి, తన చేతులతోటి నాటేసి, తన పిల్లలకు తనే గింజ తెచ్చుకుంటానంటే, ఆమె ఊరోళ్ల మేర మీద, గడీ దయ మీద బతకదని అర్థం. పెద్దోళ్లకు మంట పుట్టింది గీడనే. పోయింది నాలుగెకరాల భూమి ఒక్కటే గాదు. చేయి చాపి నిలవడే మనిషి చేయి చాపుడు బంద్ జేసింది.

దానికి ఆమె ఇంటిల్లిపాది కట్టిన ధర కష్టమే. కులం పని ఇడిసేది లేదు, ఎవుసం పెరిగింది. అంటే ఒక మనిషికి రెండు మనుషుల పని. వరి సంగతి ఊర్ల పుట్టినోళ్లకు చెప్పనవసరం లేదు. నారు పోసినకాన్నుంచి మొదలు. మోకాళ్ల లోతు బురదల వంగి నాటు, మల్ల వంగి కలుపు, మల్ల వంగి కోత. మెద ఎత్తాలె, కుప్ప పెట్టాలె, కల్లం కొట్టాలె, గాలి చూసి తూర్పారబట్టాలె. ఆ గింజను ఇంటికి తెచ్చి దంచాలె, చెరగాలె, వండాలె. ఇండ్ల ఎక్కువ భాగం ఆడోళ్ల నడుము మీదనే నడుస్తది. మా అవ్వ పొలంల నుంచి వచ్చి నడుము పట్టుకొని కూసున్నప్పుడల్ల నాకు ఐలమ్మ యాదికొస్తది. ఫ్లెక్సీ మీది కట్టె గాదు, వంగి వంగి నొచ్చిన నడుము యాదికొస్తది.

యాభై ఏండ్ల వయసుల సంఘం

1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆ తర్వాత అది సదువుకున్నోళ్ల సభ లెక్క లేకుండా బీదోళ్ల సంఘమైంది. సభ్యత్వం కింద చిన్న చిట్టీ ఇస్తరు గన్క జనం చిట్టి సంఘమన్నరు. చేతిల గుతపలు పట్టుకుంటరు గన్క గుతపల సంఘమన్నరు. పాలకుర్తిల సంఘం వచ్చినప్పుడు ఐలమ్మ అండ్ల చేరింది, సంఘపోళ్లకు ఇంట్ల జాగ ఇచ్చింది. ఆ దిక్కు సంఘం పెద్దలల్ల భీంరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు ఉండిరి.

తమ్మీ, చెల్లె, గీడ ఒక లెక్క జూడుండ్రి. 1895ల పుట్టిన మనిషికి 1945 వస్తే ఎన్నేండ్లు? యాభై. అప్పటి కాలంల యాభై అంటే ముసలితనమే. కోడండ్లు ఒండిపెడితే తిని, మనుమలను ఆడిచ్చుకుంట మూలకు కూసునే వయసు. గా వయసుల ఆమె సంఘంల చేరింది. ఆవేశం మీద ఉరికే పడుచుతనం గాదది. యాభై ఏండ్లు పనిజేసి, ఎంత జేసినా చేతికి ఏం మిగలదని అనుభవం మీద తెలుసుకున్న తల్లి పట్టుదల.

ఊరి పట్వారి ఆమె ఇంటోళ్లను తన పొలం పనికి రమ్మన్నడని, తన పని తనకుందని ఆమె పోలేదని చెప్తరు. ఆ కాలంల పట్వారికి ఎదురు చెప్పుడంటే మామూలు ముచ్చట గాదు. ఎవల భూమి ఎవల పేరు మీద రాయాల్నో వాని కలంల ఉండె. ముచ్చట విస్నూరు గడీకి చేరింది. సంఘంల చేరిందని ఒక కోపం, వెట్టికి రాలేదని ఇంకో కోపం. ఆ భూమి తనదని దేశ్‌ముఖ్ పేచీ పెట్టిండు. సంఘం పెద్దల మీద, ఐలమ్మ ఇంటోళ్ల మీద కేసులు పడ్డయి.

కచేరిల అప్పుడు నడిచేది ఉర్దూ. తన నాలుగెకరాల కత తనకు రాని భాషల రాస్తుంటే ఆ తల్లి నిలవడి చూసింది. ఆమె దిక్కు వాదించిన వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీ. అప్పటికి ఆయన ముప్పై ఏండ్ల పడుచు వకీలు. అందుకే సెప్టెంబర్ 26, 27 పక్కపక్కన వచ్చినప్పుడు నాకు మంచిగనిపిస్తది. కోర్టుల దొర గెలవలే. కాయిదం మీద ఓడినోడు కట్టె మీద గెలుద్దామనుకున్నడు.

కోత నాడు

వరి పండింది. కోతకొచ్చిన చేను చూస్తే రైతు పాణం ఎట్లుంటదో మీకు తెలుసు. సరిగ్గ గప్పుడే దేశ్‌ముఖ్ తన గూండాలను, కోసేటందుకు కూలోళ్లను ఆ చేన్లకు తోలిండు. గడీ దిక్కు వచ్చినోళ్లు వందకు పైనే. సంఘం దిక్కు నిలవడ్డోళ్లు 28 మందని చరిత్ర పుస్తకాలల్ల ఉంది. చేతులల్ల గుతపలు. వంద మంది 28 మందిని చూసి ఉరికిండ్రు. దానికి కారణం గుతపలు ఒక్కటే అని నేననుకోను. కోయనీకి పట్టుకొచ్చిన కూలోళ్లు గూడ బీదోళ్లే, వాళ్లు గూడ వెట్టి జేసెటోళ్లే. ఐలమ్మ చేను కోసి గడీల పోయాలని వాళ్లకు మాత్రం మనసెట్ల ఒప్పుతది?

తర్వాత ఏమైందో గదే నాకు అన్నిటికంటె పెద్ద ముచ్చట. సంఘపోళ్లు కట్టెలు పక్కకు పెట్టి కొడవండ్లు అందుకున్నరు. వాళ్లే ఆ చేను కోసిండ్రు. వాళ్లే వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చిండ్రు. పాణం పోయినా తన గింజ గడీకి పోనియ్యనని ఆమె పట్టిన పట్టు నిలవడ్డది. చరిత్రల యుద్ధాలు గెలిస్తే కోట మీద జెండా ఎగరేస్తరు. పాలకుర్తిల గెలిస్తే ఇంట్లకు వడ్లు వచ్చినయి. మా అవ్వ అడిగిన దానికి నాకు జవాబు గీడ దొరికింది. పిల్లలకు బువ్వ ఎవలు పెట్టిండ్రంటే, ఆ కొట్లాటే పెట్టింది.

కట్టిన ధర

గెలుపు ముచ్చట చెప్పి కత బంద్ జేస్తే ఆమెకు అన్యాయం జేసినట్టే. ఎందుకంటే గడీ ఊకోలే. ఆ తర్వాత సంఘం పెద్దలను పట్టుకపోయి విస్నూరుల చిత్రహింసలు పెట్టిండ్రు. ఐలమ్మ ఇంటి మగోళ్లను జైలుకు తోలిండ్రు. ఇల్లు కాలబెట్టిండ్రు. గింజలు, సామాను దోచుకపోయిండ్రు. ఆమె బిడ్డ మీద అఘాయిత్యం జేసిండ్రు. గీ మాట రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. తల్లిని వంచాలంటే బిడ్డను కొట్టాలని దొరలకు తెలుసు. ఒక్క వాక్యంల మనం చదివి దాటిపోయేది ఆ తల్లి బతికినన్ని రోజులు మోసింది.

అయినా ఆమె ఊరిడిసి పోలే. భూమి ఇడిసిపెట్టలే. గడీ కాళ్ల మీద పడలే. ఆమె ఇల్లు కూలినదానికి బదులుగ జనం పట్వారి ఇల్లు కూల్చి, ఆ జాగల మక్కలు పెట్టిండ్రని పాలకుర్తి దిక్కు చెప్తరు. ఆ తర్వాత 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్యను గడీ మనుషులు తుపాకితోటి కాల్చి చంపిండ్రు. ఇగ ఆడికెళ్లి మంట ఆగలే. నాలుగెకరాల కాడ మొదలైన పంచాయితి ఊరూరికి పాకింది. మూడు వేల ఊర్లు దొరల చేతులకెళ్లి బయటపడ్డయని, పది లక్షల ఎకరాలు పంచిండ్రని, నాలుగు వేల మంది పాణాలిచ్చిండ్రని సుందరయ్య రాసిండు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిండు. 1951 అక్టోబర్‌ల పోరాటం ఆపుతున్నట్టు పార్టీ ప్రకటించింది.

ఎవలూ చెప్పని నలభై ఏండ్లు

మన ఉపన్యాసాలు గీడనే అయిపోతయి. మైకు బంద్, దండలేసుడు, ఫోటోలు. గని ఐలమ్మ బతుకు ఈడ అయిపోలే. ఆమె కన్ను మూసింది 1985 సెప్టెంబర్ 10న. అంటే కోత నాటి నుంచి మల్ల నలభై ఏండ్లు బతికింది. ఆమె తొంభై ఏండ్ల బతుకుల మనం చెప్పుకునేది నడుమ మూడు నాలుగేండ్లు. దానికి ముందటి యాభై ఏండ్ల చాకిరి చెప్పం, తర్వాతి నలభై ఏండ్ల సంసారం చెప్పం.

ఆ నలభై ఏండ్లల్ల ఎన్ని మారినయో జూడుండ్రి. 1950ల కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్లనే మాట పుట్టింది. 1956ల ఆంధ్రప్రదేశ్ అయింది. 1969ల తెలంగాణ ఉద్యమం లేచింది. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం దేశమంతటికి వచ్చింది. యాభై ఏండ్ల వయసుల ఆమె వెట్టికి రానన్నది, సర్కారు ఆ మాట చట్టం జేసేసరికి ఆమెకు ఎనభై దాటినయి. 1984 జనవరిల ఎన్టీఆర్ సర్కారు పటేల్ పట్వారి నౌకర్లే తీసేసింది. ఏ పట్వారి మాట ఇనలేదని ఆమె ఇంటి మీదికి ఆపద వచ్చిందో, ఆ పట్వారి కుర్చీనే లేకుండ పోయింది. అది చూసినంకనే ఐలమ్మ కన్ను మూసింది. దేవుడు ఉన్నడా లేడా నాకు తెల్వది గని, ఈ లెక్క మాత్రం మంచిగ కుదిరిందని అనిపిస్తది.

ఇన్ని మారినా ఆమె ఊరు మారలే. పాలకుర్తిలనే ఉంది, కష్టంల పుట్టి కష్టంలనే ముసలిదైంది. ఆమె ముచ్చట ఆమె నోటి నుంచే విని రాసుకున్నోళ్లు గూడ ఉన్నరు. స్త్రీశక్తి సంఘటన ఆడోళ్లు తెలంగాణ పోరాటంల పాల్గొన్న ఆడోళ్ల కాడికి పోయి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు జేసిండ్రు. మనకు తెలియని మన చరిత్ర అని 1986ల పుస్తకం అచ్చయింది. అప్పటికి ఐలమ్మ లేదు. దొరికితే ఆ పుస్తకం సదువుండ్రి. అండ్ల ఉన్నోళ్లంత మన అవ్వలు, అమ్మమ్మల లెక్కనే మాట్లాడుతరు.

ఇప్పుడు ఆమె పేరు, మన ఇల్లు

ఇప్పుడు ఐలమ్మ పేరు పెద్దగనే ఉంది. జయంతిని సర్కారే చేస్తుంది. 2024 సెప్టెంబర్‌ల హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రకటించిండ్రు. ఆ కాలేజీ ఉన్నది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీల. గడీల చాకలి అని పిలిచిన పిలుపు, ఇయ్యాల ఆడిపిల్లల సర్టిఫికెట్ మీద గౌరవంగ ఉంటది. మా ఊరి నుంచి గూడ ఒక పిల్ల ఆడ సదువుతుంది. గది చిన్న ముచ్చట గాదు. నేను తక్కువ జేసి మాట్లాడుత లేను.

గని రెండు ముచ్చట్లు నన్ను గుచ్చుతయి. మొదటిది, ఐలమ్మ ఒక కౌలు రైతు. ఆమె పోరాటమే కౌలు భూమి మీద పండిన పంట ఎవలదనే దాని మీద. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు పాసుబుక్కు ఉన్నోళ్ల ఖాతల పైసలు పడ్డయి, దున్నే కౌలుదార్లకు అండ్ల జాగ లేకుండె. మాకు ఎకరంనర ఉంది, ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తం. ఆ రెండెకరాలల్ల నాటేసేది మా అవ్వ, పైసలు పడ్డది పట్నంల ఉండే పట్టాదారు ఖాతల. 2011లనే కౌలుదార్లకు గుర్తింపు కార్డులియ్యాలని చట్టం వచ్చింది. మా ఊర్ల ఆ కార్డు ఎవల చేతిల నేను చూడలే. ఐలమ్మకు దండేసుడు అల్కటి పని. ఐలమ్మ అసొంటి రైతును రైతని కాయిదం మీద రాసుడే ఇప్పటికీ కష్టమైతుంది.

రెండోది మన ఇంటి ముచ్చట, దాన్ని సర్కారు మీద పెట్టి తప్పిచ్చుకునేది లేదు. ఆడిపిల్లలకు ఆస్తిల సమానంగ వాటా ఇయ్యాలని మన ఉమ్మడి రాష్ట్రంల చట్టం జేసిండ్రు. 1986ల చట్టమైనా, అది అమల్లకు వచ్చినట్టు లెక్క గట్టిన తారీఖు 1985 సెప్టెంబర్ 5. ఐలమ్మ కన్ను మూయనీకి సరిగ్గ అయిదు రోజుల ముందు. 2005ల దేశమంతటికి ఆ హక్కు వచ్చింది. చట్టమొచ్చి గిన్నేండ్లైంది. ఇప్పుడు మీ ఇంట్ల పాసుబుక్కు తీసి చూడుండ్రి. ఎవల పేరుంది? నాటేసేది అవ్వ, కలుపు తీసేది అవ్వ, పత్తి ఏరేది అవ్వ. బుక్కుల ఉండేది బాపు పేరు, రేపు ఉండేది కొడుకు పేరు. అక్కచెల్లెండ్లకు లగ్గానికి ఇచ్చినం గదా అని నోరు మూయిస్తం. మా ఇంట్ల గూడ గింతే. మా ఇంట్ల గడీ లేదు, దేశ్‌ముఖ్ లేడు. అయినా మా అవ్వ కష్టం ఆమె పేరు మీద లేదు.

నేను ఫ్లెక్సీలు కట్టొద్దని అంటలేను. కట్టుండ్రి, పెద్దగనే కట్టుండ్రి. దాంతోపాటు ఈ సెప్టెంబర్‌ల ఒక్క పని జేయుండ్రి. ఫోన్ పక్కన పెట్టి మీ అవ్వ పక్కన ఒక పొద్దంత ఉండుండ్రి. ఎన్నిటికి లేచింది, ఏమేం పని జేసింది, ఎన్నిటికి నడుము వాల్చింది, రాసుకోండ్రి. రాసినంక పాసుబుక్కు తీసి, ఆ రాసిన కాయిదాన్ని పక్కన పెట్టి చూడుండ్రి. ఐలమ్మ ఎందుకు కొట్లాడిందో ఏ ఉపన్యాసం చెప్పనంత మంచిగ సమజైతది.

నేను రాసిన. మా అవ్వ పొద్దుగాల నాలుగున్నరకు లేచింది, రాత్రి పదింటికి పండుకుంది. నడుమ కూసున్నది రెండు సార్లు. రెండు సార్లూ చేతుల ఏదో పని ఉండనే ఉంది. ఆ రాత్రి ఆమె అడిగిన దానికి జవాబు చెప్పిన. పాలకుర్తి కోత కత మొత్తం చెప్పిన. వడ్లు ఇంటికి చేరినయని చెప్పంగనే ఆమె మొఖం ఇచ్చుకుంది. ఇల్లు కాలబెట్టిన కాడ మాట్లాడలే.

తెల్లారి బాపుకు ఆ కాయిదం చూపిచ్చిన. ఉన్న ఎకరంనరల సగమన్నా అవ్వ పేరు మీద రాయమని అడిగిన. ఊ అనలే, ఊహూ అనలే. కోతలైనంక చూద్దామన్నడు. మా చేను పొట్టకొచ్చింది. ఇంకో నెలన్నరల కోతలు.